ఫైర్ డ్యూటీలో మనసు అలిసిపోతే ఏం చేయాలి? ఆరు వారాల పద్ధతి

వేసవి మొదలైతే నాకు ఫోన్లు పెరుగుతాయి. కలిసి పనిచేసిన తమ్ముళ్లు, కొత్తగా చేరిన కుర్రాళ్లు, అప్పుడప్పుడు వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు చేస్తారు. అందరూ అడిగేది ఒకటే. "అన్నా, ఇదివరకు బెల్ మోగితే కాళ్లు వాటంతటవే బండివైపు పరిగెత్తేవి. ఇప్పుడు బెల్ వింటేనే ఒళ్లు మండుతోంది. నాకేమైంది?" మొన్న ఒక చెల్లెలు అడిగింది: "ఇంటికొస్తే మాట్లాడరు. పిల్లాడు గ్లాసు కింద పడేసినా ఉలిక్కిపడి అరుస్తారు. ఏం చేయాలన్నయ్యా?"

ఒక్కొక్కరికీ అరగంట చెప్పే మాటల్ని ఈసారి వరుసగా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. ఫైర్‌మన్‌గా చేరి లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరైనవాణ్ణి. ఇందులో సగం నేను ఆలస్యంగా నేర్చుకున్నవి. మిగతా సగం నాకు వైద్యం చేసిన డాక్టరు చెప్పినవి.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెప్తాను. ఉద్యోగం వల్ల మనసు అలిసిపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన జబ్బుల పట్టికలో మూడు గుర్తులతో వివరించింది: ఒంట్లో, మనసులో సత్తువ ఉండదు, పని మీద విరక్తి పుడుతుంది, నావల్ల ఏమీ కావడం లేదనిపిస్తుంది. ఇది జబ్బు కాదని, పని నుంచి పుట్టే స్థితి అని కూడా అదే సంస్థ చెప్పింది. అయితే ఫైర్ సర్వీసులో దీనికి తోడు ఇంకొకటి ఉంది. కళ్లతో చూసినవి మనసులో ఉండిపోతాయి. అలసటకు విశ్రాంతి పనిచేస్తుంది. రెండోదానికి విశ్రాంతి ఒక్కటే చాలదు. మీకు ఏది ఉందో, రెండూ ఉన్నాయో ముందు తేల్చుకోవాలి. కింది పద్ధతి అందుకే.

కావలసినవి

చొక్కా జేబులో పట్టే నోట్‌బుక్, పెన్ను. పగలు పడుకోవడానికి చీకటి చేసుకోగల చోటు: మందపాటి కర్టెన్ లేకపోతే కిటికీకి పాత దుప్పటి చాలు. చెవులకు దూది. మీరు నమ్మే ఒక మనిషి, వీలైతే ఈ పని తెలిసినవాడు. ఫోన్లో సేవ్ చేసుకున్న 14416 నంబరు (మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్). ఆరు వారాల ఓపిక.

1. పద్నాలుగు రోజులు రాయండి

రోజుకు ఐదే విషయాలు రాయాలి. ఎన్ని గంటలు నిద్రపోయారు, అందులో ఎన్నిసార్లు లేచారు. ఎన్ని కాల్స్‌కు (మంటో, ప్రమాదమో అని కబురొస్తే బండితో వెళ్లేవి) వెళ్లారు. చిరాకు 0 నుంచి 10లో ఎంత. మందు తాగారా, ఎంత. చివర్లో ఆ రోజు గురించి ఒక్క వాక్యం.

ఇంత చిన్న పని ఎందుకని అడుగుతారు. నన్ను పెద్ద మంటలు తినేస్తున్నాయని నేను అనుకునేవాణ్ణి. రాసి చూస్తే లెక్క వేరుగా వచ్చింది. రాత్రి ఒంటిగంటకు చెత్తకుప్ప కాల్, నాలుగింటికి గడ్డివాము కాల్, తెల్లారి ఏదో సభకు స్టాండ్‌బై. అలాంటి రోజు మర్నాడే నా చిరాకు 8, 9 ఉండేది. పెద్ద కాల్స్ నెలకు ఒకటో రెండో వచ్చేవి. నిద్ర ముక్కలవడం మాత్రం వారానికి నాలుగు రోజులు జరిగేది.

జాగ్రత్త: బాధితుల పేర్లు, కేసు వివరాలు రాయకండి. నోట్‌బుక్ వాచ్‌రూమ్ (స్టేషన్లో కాల్స్ అందుకుని రాసుకునే గది) బల్ల మీద వదిలేయకండి. రాయడం కుదరకపోతే ఇంట్లో క్యాలెండర్ మీద ఆ తేదీ గడిలో రెండంకెలు వేయండి, నిద్ర గంటలు, చిరాకు. అది చాలు.

2. నిద్రను ముందు బాగుచేయండి

మిగతావన్నీ దీని తర్వాతే. నిద్ర సరిగా లేనివాడికి ఏ సలహా చెప్పినా తలకెక్కదు.

డ్యూటీ రాత్రి: కాల్స్ లేని సమయంలో ఫోన్ చూస్తూ కూర్చోకండి. పది గంటలకల్లా పక్క మీద ఉండండి. నిద్ర పట్టకపోయినా కళ్లు మూసుకుని పడుకోవడం నయం. మధ్యాహ్నం వీలైతే 20 నిమిషాల కునుకు తీయండి. గంటసేపు గాఢంగా పడుకుని బెల్‌కి లేస్తే తల మొద్దుబారి ఉంటుంది, అది వదలడానికి పావుగంటో అరగంటో పడుతుంది. బండి నడిపి, పంపు పనిచేయించే డ్రైవర్ ఆపరేటర్లకు ఇది మరీ ముఖ్యం.

టీ: తాగిన ఐదారు గంటల తర్వాత కూడా అందులోని కెఫీన్ సగం ఒంట్లోనే ఉంటుంది. రాత్రి కాల్ నుంచి వచ్చి రెండింటికి తాగే టీ తెల్లవారుజాము నిద్రను కూడా తినేస్తుంది. దాని బదులు నీళ్లు తాగండి, లేదా మజ్జిగ.

డ్యూటీ దిగిన పొద్దున: కళ్లు మూతలు పడుతుంటే బండి తీయకండి. వరుసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములే. స్టేషన్లోనే ఇరవై నిమిషాలు పడుకుని బయల్దేరండి. కుదరకపోతే బస్సెక్కండి.

ఆఫ్ రోజు: ఇంటికి వెళ్లి స్నానం చేసి, కాస్త తిని రెండు మూడు గంటలు పడుకోండి. సాయంత్రం దాకా పడుకుంటే రాత్రి నిద్ర పోతుంది. ఈ రెండు మూడు గంటలు ఎవరూ తలుపు తట్టకూడదని ఇంట్లో ముందే చెప్పి ఒప్పించండి. పగలు పడుకున్నాడని బద్ధకస్తుడనే మాట మన ఇళ్లల్లో సులువుగా వస్తుంది. రాత్రి ఎన్నిసార్లు లేచారో నోట్‌బుక్ తీసి చూపిస్తే ఆ మాట ఆగుతుంది.

జాగ్రత్త: మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు వేసుకోవద్దు. కాల్ ఎప్పుడొస్తుందో తెలియని ఉద్యోగంలో అది ప్రాణాలతో చెలగాటం. మీరు గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరాగినట్టు లేస్తున్నారని ఇంట్లోవాళ్లు చెబితే, అది వేరే సమస్య. డాక్టరుకు చూపించండి.

3. కాల్ నుంచి తిరిగొచ్చాక ఇరవై నిమిషాలు

మనకు అలవాటైన వరుస ఇది: హోస్‌లు కడిగి ఆరేయడం, ట్యాంకు నింపడం, రిపోర్ట్ రాయడం. దీనికి రెండు పనులు జోడించండి.

మొదటిది, ఒంటిమీద మసి అలాగే ఉంచుకుని కూర్చోకండి. అగ్నిమాపక వృత్తిలో సోకే పదార్థాలు క్యాన్సర్ కలిగిస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో తేల్చింది. మెడ, చేతులు, ముఖం సబ్బుతో కడిగి బట్టలు మార్చుకోండి. కాల్ అయిపోయిందని మనసుకు తెలిసేదీ అప్పుడే. వేసవిలో వెంటనే అర లీటరు నీళ్లు తాగండి. ఒంట్లో నీళ్లు తగ్గినా చిరాకు, తలనొప్పి వస్తాయి. వాటిని మనసు సమస్య అనుకుని కంగారుపడినవాళ్లు ఉన్నారు.

రెండోది, ఐదు నిమిషాలు అందరూ ఒకచోట కూర్చోండి. క్రూ లీడర్ మూడు ప్రశ్నలు అడగాలి. ఎవరికైనా దెబ్బ తగిలిందా? ఏది బాగా జరిగింది? వచ్చేసారి ఏం మార్చాలి? అంతే. మాట్లాడనివాణ్ణి బలవంతపెట్టకండి. చూసినదంతా కూర్చోబెట్టి కక్కించడం మేలు చేస్తుందని ఒకప్పుడు అనుకునేవారు. అలా ఒక్కసారి బలవంతంగా చెప్పించడం వల్ల లాభం లేదని, కొందరికి హాని కూడా జరుగుతుందని తర్వాత పరిశోధనల్లో తేలింది. పక్కన కూర్చోండి, తాగడానికి ఏదైనా ఇవ్వండి, "నేనున్నాను" అనండి.

గుండె దడ తగ్గకపోతే నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. పదిసార్లు చేయండి. వదిలేది పీల్చేదానికన్నా పొడవుగా ఉండాలి.

4. చెడ్డ కాల్ తర్వాత మొదటి మూడు రోజులు

2022 మార్చిలో సికింద్రాబాద్ భోయిగూడ తుక్కు గోదాము మంటల్లో 11 మంది వలస కార్మికులు పోయారు. 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు. 2025 మే నెలలో హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో పిల్లలతో సహా 17 మంది. టీవీలో చూసినవాళ్లకు ఇవి అంకెలు. ఆ పొగలోకి వెళ్లినవాళ్లకు ఒక్కొక్కటీ ఒక ముఖం. చిన్న ఊరి స్టేషన్లోనూ ఇదే. బావిలోంచి తీసిన పిల్లాడి కాలికి ఉన్న వెండి పట్టీ నాకు ఇప్పటికీ గుర్తుంది.

చేయాల్సినవి: వేళకు తినండి, ఆకలి లేకపోయినా కొంచెం. ఒంటరిగా ఉండకండి. రోజూ అరగంట నడవండి. ఇంట్లో ఒక్క మాట చెప్పండి: "ఈరోజు చెడ్డ కాల్. నాకు కాస్త టైమ్ ఇవ్వు. నీ మీద కోపం లేదు." వివరాలు చెప్పక్కర్లేదు. మీ మౌనం తమవల్ల కాదని మాత్రం వాళ్లకు తెలియాలి.

చేయకూడనివి: ఆ కాల్ వీడియోలు చూడకండి. జనం ఫోన్లలో తీసినవి గంటలో వాట్సాప్ గ్రూపులన్నింటికీ వస్తాయి. ఫోన్లో ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఆపేయండి. గ్రూపులో పెట్టవద్దని మీరే ఒక మాట అనండి, మీలాంటివాళ్లు ఇంకా ఉంటారు. ఆ మూడు రోజులు మందు ముట్టకండి. తాగితే పడుకున్నట్టు ఉంటుంది, కానీ నిద్ర విరిగిపోతుంది. చూసింది మనసులో సర్దుకోవడానికి ఆ నిద్రే కావాలి.

కొన్ని రోజులు అదే కళ్ల ముందు కదలడం, కాలిన వాసన వచ్చినట్టు అనిపించడం, వంటింట్లో మాంసం వేగుతుంటే కడుపులో తిప్పడం సహజమే. చాలామందికి వారాల్లో తగ్గుతుంది. నెల దాటినా తగ్గకపోతే ఏడో మెట్టుకు వెళ్లండి.

5. "లేటుగా వచ్చారు" అనే మాటను విడదీయండి

నాకు వచ్చే ఫోన్లలో సగం దీని గురించే. మంట కన్నా ఈ మాటే ఎక్కువ కాలుస్తుంది. ఇల్లు తగలబడుతున్న మనిషికి ప్రతి నిమిషం గంటలా ఉంటుంది, అతను అరుస్తాడు. చుట్టూ జనం అందుకుంటారు. "నీళ్లు లేకుండా వచ్చారు" అంటారు. 4,500 లీటర్ల వాటర్ టెండర్ (నీళ్ల ట్యాంకున్న ఫైరింజన్) రెండు బ్రాంచీలతో (హోస్ చివర నీళ్లు చిమ్మే గొట్టాలు) కొడితే కొద్ది నిమిషాల్లో ఖాళీ అవుతుందని వాళ్లకు తెలియదు. ఆ రాత్రి పక్క మీద పడుకున్నాక మనకే అనుమానం మొదలవుతుంది, నిజంగానే లేటయ్యామా అని.

కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు మన చేతిలో ఉన్నవి: బెల్ మోగాక బండి కదలడానికి పట్టిన సమయం, పంపు తయారుగా ఉందా, హోస్ సరిగా వేశామా. కుడివైపు మన చేతిలో లేనివి: కాల్ ఎప్పుడొచ్చింది, దూరం, సందు వెడల్పు, అడ్డంగా పార్క్ చేసిన బండ్లు, వేలాడే కరెంటు తీగలు, మెట్లదారికి వేసిన తాళం. సమయాలు గుర్తున్నట్టు రాయకండి, వాచ్‌రూమ్ రికార్డు చూసి రాయండి. జ్ఞాపకం ఎప్పుడూ తప్పు మనదేనన్న వైపే మొగ్గుతుంది. మంట అంటుకున్న అరగంటకు కాల్ వచ్చిన సందర్భాలు మీరే చూస్తారు.

ఎడమవైపు నిజంగా తప్పు ఉంటే? ఉండొచ్చు. నాకూ ఒకసారి ఉంది. కప్లింగ్ (హోస్‌లను కలిపే బిగింపు) సరిగా పట్టక రెండు నిమిషాలు పోయాయి. దాన్ని దాచుకున్నన్నాళ్లూ నిద్ర లేదు. మర్నాడు చెప్పి ఉండాల్సింది, మూడు నెలల తర్వాత చెప్పాను. ఆఫీసరు తిట్టారు, తర్వాత వారం రోజులు అందరికీ కళ్లకు గంతలు కట్టి కప్లింగ్ డ్రిల్ పెట్టించారు. తప్పును డ్రిల్‌గా మారిస్తే బరువు దిగుతుంది. మీ మీద ఉన్న తప్పుకు మందు అదే. మీది కాని తప్పుకు ఈ కాగితమే మందు.

6. ఆఫీసరుతో మాట్లాడండి, లెక్కతో

"టెన్షన్‌గా ఉంది సార్" అంటే, "ఎవరికి లేదు?" అనే జవాబు వస్తుంది. ఇలా అడిగి చూడండి: "సార్, గత 14 రోజుల్లో 9 రాత్రులు నాలుగు గంటల కన్నా తక్కువ పడుకున్నాను. ఈ వారం రెండు రాత్రులు డ్రైవింగ్ ఇంకొకరికి ఇవ్వండి. వచ్చే సోమవారం నుంచి నాలుగు రోజులు లీవు కావాలి." అడిగేది చిన్నదిగా, ఇచ్చేయగలిగేదిగా ఉండాలి.

రోల్ కాల్‌లో అందరి ముందు అడగకండి. ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లండి. కుదరదంటే అదే విషయం కాగితం మీద రాసి ఇచ్చి నకలు ఉంచుకోండి. సిబ్బంది తక్కువున్న స్టేషన్లో ఆయన చేతులూ కట్టేసి ఉండొచ్చు. మీ కాగితం ఆయన పైవాళ్లకు పంపడానికి పనికొస్తుంది. మీతో పనిచేసే హోంగార్డులు అడగడానికి ఇంకా భయపడతారు. వాళ్ల తరఫున మీరు అడగండి.

మీరే స్టేషన్ ఆఫీసరైతే ఒక్క మాట. మీ దగ్గరికి వచ్చి చెప్పినవాణ్ణి ఆ రోజు ఎలా పంపుతారో మిగతా అందరూ చూస్తుంటారు. ఒకణ్ణి వెక్కిరిస్తే ఇక ఎవరూ రారు.

7. డాక్టరు దగ్గరికి ఎప్పుడు, ఎలా

ఎప్పుడంటే: చూసిన దృశ్యాలు నెల దాటినా వెంటాడుతున్నప్పుడు, రెండు వారాలుగా దేనిమీదా ఇష్టం లేనప్పుడు, రోజూ తాగక తప్పనప్పుడు, డ్యూటీకి వెళ్లాలంటేనే చేతులు వణుకుతున్నప్పుడు.

ముందు బీపీ, షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. థైరాయిడ్ తేడా వల్ల కూడా నీరసం, చిరాకు వస్తాయి. తర్వాత జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీకి వెళ్లండి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. వెళ్లడానికి మొహమాటమైతే 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్. డబ్బు కట్టక్కర్లేదు, పగలు రాత్రి పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మొదటి మాటకు తడబడితే నోట్‌బుక్ తీసి చదివేయండి.

"రికార్డులో పడితే ఉద్యోగం పోతుందేమో" అని అందరూ భయపడతారు. మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. లీవు కోసం సర్టిఫికెట్ కావాలంటే అందులో ఏం రాస్తారో డాక్టరును ముందే అడగండి. ఇచ్చిన మందులు రాత్రి డ్యూటీలో మత్తు తెస్తాయేమో అడగడం మరవకండి. మీ ఉద్యోగం ఏమిటో చెబితేనే వాళ్లు సరైన మందు ఎంచగలరు.

చచ్చిపోవాలనే ఆలోచన వస్తే ఈ మెట్లన్నీ పక్కన పెట్టండి. అప్పటికప్పుడే పక్కనున్నవాళ్లకు చెప్పండి, 14416 లేదా 112కు ఫోన్ చేయండి, దగ్గరి ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి. తోటివాడు ఆ మాటంటే తేలిగ్గా తీసేయకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందనేది తప్పు. అతన్ని ఒంటరిగా వదలకండి.

తరచూ జరిగే పొరపాట్లు

ఆఫ్ రోజున ఆటో తోలడమో, ఇంకో పని చేయడమో. డబ్బు అవసరం నాకు తెలుసు, కానీ ఈ ఆరు వారాలైనా సగానికి తగ్గించండి.

"పది రోజులు లీవు పెడితే సర్దుకుంటుంది" అనుకోవడం. సర్దుకుంటుంది, డ్యూటీలో చేరిన మూడో రోజు దాకా. లీవు నుంచి వచ్చాక ఏం మారుతుందో ముందే రాసుకుని వెళ్లండి.

కొత్త కుర్రాళ్లతో "ఫైర్‌మన్‌వి, ఏడుస్తావా?" అనడం. ఈ మాట నేనూ అన్నాను. ఆ కుర్రాడు తర్వాత ఏ కాల్ గురించీ నాతో మాట్లాడలేదు. దానికి నాకు ఇప్పటికీ బాధగా ఉంది.

మొదటి వారం బాగుందని నోట్‌బుక్ మానేయడం కూడా పొరపాటే.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

రెండో వారం చివర, ఆరో వారం చివర అంకెలు పోల్చండి. ముందు నిద్ర చూడండి. సగటున రోజుకు ఒక గంట పెరిగినా దారిలో ఉన్నట్టే. తర్వాత చిరాకు 7 దాటిన రోజులు తగ్గాయా చూడండి. ఒక్క చెడ్డ రోజు చూసి నిరాశపడకండి, వారం మొత్తం లెక్క చూడండి. దీపావళి వారాన్నీ, ఏప్రిల్, మే నెలలనూ మామూలు నెలతో పోల్చకండి. కాల్స్ ఎక్కువున్న వారంలో అంకెలు పెరగకుండా నిలబడితే అదీ మెరుగే.

బెల్ మోగినప్పుడు ఎలా ఉన్నారన్నది మంచి కొలత కాదు, అప్పుడు ఒళ్లు ఎలాగూ పరిగెడుతుంది. కాల్ లేని మధ్యాహ్నం చూడండి. తోటివాళ్లతో క్యారమ్స్ ఆడాలనిపించిందా, కూర రుచి తెలిసిందా, పాత ఫ్రెండుకి ఫోన్ చేశారా?

నిద్ర బాగుపడినా చిరాకు అలాగే ఉంటే, మీకున్నది అలసట ఒక్కటే కాదు. నాలుగో మెట్టులో చెప్పిన దృశ్యాలు లోపల ఉన్నాయేమో చూసి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆరు వారాలకు ఏ అంకే కదలకపోయినా వెళ్లండి.

ఆఖరి పరీక్ష ఇంట్లో చేయండి. ఆరో వారం చివర భార్యనో, అమ్మనో, మీతో ఉండేవాళ్లెవరినైనా అడగండి: "నెలన్నర కిందటికీ ఇప్పటికీ నాలో తేడా ఉందా?" మధ్యలో అడ్డురాకుండా వినండి. వాళ్లు చెప్పింది తేదీ వేసి, అదే నోట్‌బుక్‌లో రాసుకోండి.